తండా బుద్ధి అన్నారు, పొగరు అన్నారు. ఆటిజం అని ఇరవయ్యో ఏట తెలిసింది

కొంచెం పెద్ద పోస్టు, తీరిగ్గా చదవండి.

మేమంటే మదనపల్లెలో డిగ్రీ చదువుతా హాస్టల్లో ఒకే రూములో ఉండే నలుగురం. ముగ్గురం సుగాలీలం, ఒకరం ఎరుకల. నలుగురి ఇళ్లలోనూ కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్లం మేమే. ఈ పోస్టు మాలో ఒకడి గురించి. వాడికి ఆటిజం ఉందని పోయిన సంవత్సరం, ఇరవయ్యో ఏట తెలిసింది. పేరు రాయడం లేదు. రాసింది వాడే మొత్తం చదివి, రెండు చోట్ల తప్పులు దిద్ది, "ఇప్పుడు పెట్టండి" అన్నాకే పెడుతున్నాం.

ముందు మా తప్పు చెప్పుకుంటాం. ఫస్ట్ ఇయర్లో వాణ్ణి మేం "రేట్ బోర్డు" అని పిలిచేవాళ్లం. వాళ్ల నాయన టమాటా మార్కెట్లో హమాలీ. మదనపల్లె మార్కెట్ ఆసియాలోనే పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటని మీకు తెలిసిందే. ఎనిమిదో క్లాసు నుంచి వీడు ఆ మార్కెట్లో రోజూ పలికిన ధర నోటుబుక్కులో రాసుకుంటాడు. ఫస్ట్ రకం బాక్సు ఎంత, సెకండ్ రకం ఎంత, ఆ రోజు వాన పడిందా లేదా. పోయినేడు ఫలానా తేదీన ఎంత అంటే బుక్కు చూడకుండా చెప్తాడు. మాట్లాడితే ఆ మాటే, లేకుంటే మాటే ఉండదు. మెస్సు గంట కొడితే అందరం తోసుకుంటా పోతాం, వాడు మాత్రం రూములోనే ఉండిపోయేవాడు. స్టీలు ప్లేట్ల చప్పుడుకు చెవులు మూసుకునేవాడు. చానా రాత్రులు తినకుండానే పడుకున్నాడు. "అన్నం తినడానికి గూడా బద్ధకమేనా రా" అన్నాం మేం.

ఒకసారి పుంగనూరు బస్టాండులో "ఇక్కడే ఉండు, ఐదు నిమిషాల్లో వస్తాం" అని చెప్పి పోయినాం. తిరిగొచ్చేసరికి గంటన్నర. వాడు అదే స్తంభం దగ్గర ఎండలో నిలబడి ఉన్నాడు. పక్కనే నీడ ఉంది, బెంచీ ఉంది. "ఇక్కడే అన్నారు గదా" అన్నాడు. వారం రోజులు ఆ మాట చెప్పుకుని నవ్వినాం. మన దగ్గర ఐదు నిమిషాలంటే గంట అని వాడికి ఎవరూ చెప్పలేదు. వాడికి ఐదు నిమిషాలంటే ఐదు నిమిషాలే.

మేం నవ్వింది ఒక ఎత్తు, బయట పడింది ఇంకో ఎత్తు. ఒక వైవాలో వాడు జవాబులు సరిగ్గానే చెప్పినాడు, కానీ నేల చూపులు చూస్తా చెప్పినాడు. "మొహం చూసి మాట్లాడలేవా? రిజర్వేషన్ సీటోళ్లకు పొగరు ఎక్కువ" అని ఆ లెక్చరర్ అందరి ముందూ అన్నాడు. అదే చూపును చిన్నప్పుడు బళ్లో ఇంకో మాదిరి చదివినారు. "తండా బుద్ధి, బెదురు గొడ్డు మాదిరి" అన్నారు. ఒకే నేల చూపు. పదేళ్లప్పుడు బెదురు, ఇరవై ఏళ్లప్పుడు పొగరు. హాస్టల్ బళ్లలో చదివేటప్పుడు వాడు మూడుసార్లు పారిపోయి తండాకు వచ్చేసినాడు. మూడుసార్లూ ఒకే మాట విన్నాడు: తండా పిల్లోళ్లు నిలవరు.

విషయం బయటపడింది కాలేజీలో కాదు, పుంగనూరులో. వాళ్లక్కను అక్కడికిచ్చినారు. అక్క కొడుక్కి నాలుగేళ్లు వచ్చినా మాట సరిగా రాలేదు, పిలిస్తే పలకడు. ఆసుపత్రిలో చూపిస్తే వాళ్లు వరసగా ప్రశ్నలు అడిగినారంట. చప్పుడుకు చెవులు మూసుకుంటాడా? వస్తువులన్నీ ఒకే వరసలో పెడతాడా? చేసే పని చేసే తీరు మారిస్తే ఏడుస్తాడా? అక్క అన్నిటికీ ఔనని చెప్పి, ఆఖర్లో "ఇవన్నీ మా తమ్ముడికి గూడా ఉండాయి సార్, వాడు డిగ్రీ చదవతా ఉండాడు" అనింది. "అయితే ఆయన్ని గూడా ఒకసారి చూపించండి" అన్నారు. పెద్దయ్యాక ఆటిజం తెలిసే చానామందికి దారి ఇదే: ఇంట్లో చిన్నపిల్లోడికి తెలిశాక, పెద్దోళ్లు తమను తాము అందులో చూసుకోవడం.

ఆ తర్వాత కూడా వెంటనే తేలలేదు. మొదట చూపించిన చోట "చదువు ఒత్తిడి" అని నిద్రమాత్రలు రాసిచ్చినారు. రెండోసారి బెంగళూరులో ఒక ప్రభుత్వాసుపత్రికి పోయినాం. ఆటిజానికి రక్త పరీక్ష లేదు, స్కానింగ్ లేదు. డాక్టరు, సైకాలజిస్టు కూర్చోబెట్టి మాట్లాడతారు, గమనిస్తారు. అన్నిటికన్నా ముఖ్యంగా చిన్నప్పుడు ఎట్లుండేవాడో కన్నోళ్లను అడుగుతారు. వాళ్లమ్మకు తెలుగు వచ్చు గానీ బిడ్డ గురించి చెప్పాలంటే గోర్ బోలిలోనే మాట వస్తుంది. మేం పక్కన కూర్చుని ఒక్కో మాటా తెలుగులోకి మార్చి చెప్పినాం. తీజ్ పండగకు ఆడపిల్లలు తొమ్మిది రోజులు ఆడి పాడుతుంటే వాడు ఊరి బయట చింతచెట్టు కిందకు పోయి కూర్చునేవాడంట. పెళ్లిలో డప్పు మోగితే వాంతి చేసుకునేవాడంట. గాలి సోకిందని మూడు తాయెత్తులు కట్టించినారంట.

అక్కడే మాకు అసలు సంగతి అర్థమైంది. మేమందరం కూడా బళ్లో మాట్లాడలేదు. తెలుగు సరిగా రాక, టీచరంటే భయమేసి నోరు మూసుకున్నోళ్లమే. కానీ సెలవులకు తండాకు పోతే మా నోళ్లు తెరుచుకునేవి. వాడికి తండాలో కూడా తెరుచుకోలేదు. సొంత భాషలో, సొంత జనంలో, సొంత పండగలో కూడా వాడు అట్లే ఉండినాడు. భాష తేడా వల్ల వచ్చే మౌనం ఇంటికి పోతే పోతుంది. ఆటిజం ఇంటికి పోయినా ఉంటుంది. ఈ తేడా చెప్పగలిగింది ఆ ఆసుపత్రిలో ఒక్క వాళ్లమ్మే. మధ్యలో భాష తెలిసినోళ్లు లేకపోతే ఆ మాట డాక్టరు దాకా పోయేదే కాదు.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. 1943లో అమెరికాలో లియో కానర్ అనే డాక్టరు 11 మంది పిల్లల గురించి రాసి, ఆటిజాన్ని లోకానికి చెప్పినాడు. అందులో మొదటి పిల్లోడు మిసిసిపీ రాష్ట్రంలోని డొనాల్డ్ ట్రిప్లెట్. నాయన లాయరు, అమ్మ వాళ్లది బ్యాంకు నడిపే కుటుంబం. కొడుకు గురించి ఆ నాయన డాక్టరుకు 33 పేజీల ఉత్తరం రాసినాడు. తర్వాత డొనాల్డ్ ఆ ఊరి బ్యాంకులోనే పనిచేసి, కారు నడిపి, దేశాలు తిరిగి, 2023లో 89 ఏళ్లకు చనిపోయినాడు. కానర్ దగ్గరికొచ్చిన పిల్లలందరూ బాగా చదువుకున్నోళ్ల బిడ్డలే. దాంతో ఇది చదువుకున్నోళ్ల ఇళ్లలో వచ్చేదని చానా ఏళ్లు అనుకున్నారు. కాదు. డాక్టరు దాకా పోయే దారి వాళ్లకే ఉండింది. 33 పేజీలు రాయగలిగిన నాయన ఉన్న బిడ్డకు పేరు దొరికింది. వేలిముద్ర వేసే నాయన ఉన్న బిడ్డకు తాయెత్తు దొరికింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచంలో 127 మందిలో ఒకరికి ఆటిజం ఉంది. ఆ లెక్కన 250 మంది ఉండే హాస్టల్లో ఇద్దరుండాలి. మన హాస్టళ్లలో ఎంతమందిని మీరు చూసినారు? మనోళ్లలో లేక కాదు, మనోళ్లలో ఎవరూ వెతకలేదు.

అందుకే మేం చెప్పేది ఇది. మన పిల్లలకు రెండు అన్యాయాలు జరుగుతున్నాయి. ఆటిజం ఉన్న బిడ్డను చూసి "ఎస్టీ పిల్లోళ్లు ఇంతే" అని వదిలేస్తారు. ఆటిజం లేని బిడ్డ తెలుగు రాక గమ్మునుంటే "బుర్ర పనిచేయదు" అని పక్కన కూర్చోబెడతారు. రెండుచోట్లా కులాన్ని చూస్తారు, బిడ్డను చూడరు. బడి మానేసిన పిల్లల జాబితాలో మా వాడి పేరు కూడా ఎక్కేదే, వాళ్లమ్మ మూడుసార్లూ తిరిగి తీసుకుపోయి వదిలింది కాబట్టి ఎక్కలేదు. ఆ జాబితాలో ఇట్లాంటోళ్లు ఇంకా ఎంతమందో.

మదనపల్లెలోనే పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి గారి సంగతి మనూళ్లో అందరికీ తెలుసు. 1895లో పుట్టినాడు. చిన్నప్పుడు ఎప్పుడూ పరధ్యానంగా ఉండేవాడని, బళ్లో మందబుద్ధి అనిపించుకుని దెబ్బలు తిన్నాడని ఆయన జీవిత చరిత్రల్లో ఉంది. ఆయనకు ఆటిజం ఉండిందని మేం అనడం లేదు, అట్లా చచ్చిపోయినోళ్లకు పేర్లు పెట్టడం తప్పు. మేం అనేది ఒకటే. బడి మొద్దు అన్న ఆ పిల్లోణ్ణి 1909లో అడయారులో దివ్యజ్ఞాన సమాజం వాళ్లు రెండోసారి చూసినారు. మన తండా పిల్లోణ్ణి, మన ఎరుకల కాలనీ పిల్లను రెండోసారి చూసేదెవరు?

పిల్ల అన్నాం కాబట్టి కుప్పంలో చదివే ఒకక్క సంగతి గూడా చెప్పాలి. మా రూములో ఎరుకల పిల్లోడికి వరసకు అక్క అవుతుంది. మా వాడి విషయం విని ఫోన్ చేసింది. "నాకు గూడా అట్లే ఉంటాదిరా, కానీ నేను దాచుకోవడం నేర్చుకున్నా" అనింది. ఎదుటోళ్ల కనుబొమల మధ్య చూస్తే కళ్లలోకి చూసినట్టే ఉంటాదని కనిపెట్టిందంట. ఎప్పుడు నవ్వాలో పక్కనోళ్లను చూసి నవ్వుతుందంట. కుప్పంలో తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినిపిస్తాయి, ఇంట్లో ఎరుకల భాష. "భాషలు నాలుగు నేర్చుకున్నా, మనుషుల మాట అర్థం చేసుకోవడం ఐదో భాష" అనింది. సాయంత్రం రూముకొచ్చి దుప్పటి కప్పుకుని రెండు గంటలు పడుకుంటే గానీ తేరుకోదు. ఇట్లా దాచడం అమ్మాయిల్లో ఎక్కువ, అందుకే వాళ్లకు చానా ఆలస్యంగా తెలుస్తుందని చదివినాం. ఆ అక్క ఇంకా డాక్టరు దగ్గరికి పోలేదు. ఇంట్లో పెళ్లిమాటలు నడుస్తున్నాయి, ఇప్పుడు వద్దంటున్నారు.

ఇంట్లోవాళ్ల భయం ఉత్తదని మేం కొట్టేయం. మా వాడి అమ్మ కూడా మొదట అడిగింది "ఇంక వీడికి పిల్లనెవరిస్తారు" అనే. పెద్దోళ్ల భయం ఇంకా లోతుది. మన ఎరుకలోళ్ల మీద, ఇంకా ఎన్నో జాతుల మీద పుట్టుకతోనే నేరస్తులని ముద్ర వేసిన చట్టం బ్రిటిషోళ్లు 1871లో తెచ్చినారు. స్వాతంత్ర్యం వచ్చాక, దేశమంతటా 1952 కల్లా అది పోయింది. చట్టం పోయినా అనుమానం పోలేదని మన తాతలకు తెలుసు. కాగితం మీద పేరెక్కితే చెడే జరుగుతుందని వాళ్లకు అనుభవం. కానీ ఆ ముద్ర ఎవరో మన మీద వేసింది. ఇది మనం వెతుక్కుని తెచ్చుకున్న పేరు. అడిగితే చెప్పొచ్చు, వద్దనుకుంటే దాచుకోవచ్చు. పైగా ఈ పేరు రాకముందు మా వాడికి పేర్లు లేవా? మొద్దు, మెంటల్, పొగరుబోతు, రేట్ బోర్డు. అన్నీ ముద్రలే, ఒక్కటి కూడా నిజం కాదు.

ఇంకో మాట కూడా వింటున్నాం. "ఇప్పుడందరికీ ఇదొక ఫ్యాషన్, ఫోన్లో వీడియో చూసి నాకూ ఆటిజం అంటున్నారు" అని. వీడియో చూసి తేల్చుకోకూడదు, నిజమే. సిగ్గు వేరు, దిగులు వేరు, ఆటిజం వేరు. ఆటిజం అంటే చిన్నప్పటి నుంచీ ఉండాలి, ఇంట్లోనూ బయటా ఉండాలి, బతకడానికి ఇబ్బందిగా ఉండాలి. అది రోగం కాదు, అంటుకోదు, తల్లి పెంపకం వల్ల రాదు. ఒకప్పుడు అమెరికా డాక్టర్లు కూడా తల్లుల ప్రేమ చాలకే వస్తుందని నింద వేసి, తర్వాత అది తప్పని ఒప్పుకోవాల్సి వచ్చింది. కాబట్టి మన తల్లుల్ని ఎవరూ అనొద్దు.

"మందు లేనప్పుడు తెలిసి ఏం లాభం" అనేవాళ్లకు స్కాట్లాండ్ గాయని సుసాన్ బాయిల్ సంగతి చెప్తాం. పుట్టినప్పుడు మెదడు దెబ్బతినిందని ఆమెకు చిన్నప్పటి నుంచీ చెప్పినారు. 50 ఏళ్లు దాటినాక పరీక్ష చేస్తే అది తప్పని, ఆటిజంలో ఒక రకమని తేలింది. 2013లో ఆమే బయటికి చెప్పి, ఇప్పుడు మనసు తేలికైందనింది. మా వాడు బెంగళూరు నుంచి వచ్చేటప్పుడు బస్సులో మదనపల్లె దాకా ఒక్క మాట మాట్లాడలేదు. బస్టాండులో దిగినాక అన్నాడు: "ఎనిమిదో క్లాసులోనే తెలిసుంటే ఆ మూడుసార్లు పారిపోయేవాణ్ణి కాదు." లాభం ఏందని అడిగేవాళ్లకు ఇంతకన్నా చెప్పేదేం లేదు.

హక్కుల సంగతి కూడా తెలుసుకోండి. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం లేదు. 2016 చట్టంలో 21 రకాల వైకల్యాల్లో ఒకటిగా చేర్చినారు, అది 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉందని సర్టిఫికెట్ వస్తే ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీ సీట్లలో 5 శాతం కోటాలో అవకాశం ఉంటుంది. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం కోటా ఉంది, అందులో ఆటిజం, ఇంకొన్నిటికి కలిపి 1 శాతం. పరీక్షల్లో గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు టైం అడగొచ్చు. దీనివల్ల ఎస్టీ రిజర్వేషన్ పోదు, రెండూ ఉంటాయి. మన రాష్ట్రంలో దీన్నే సదరం సర్టిఫికెట్ అంటాం. కొలిచే పద్ధతి కూడా మన తెలుగు నేల మీదే తయారైంది. సికింద్రాబాదులోని జాతీయ సంస్థ 2009లో తెచ్చిన 40 ప్రశ్నల స్కేలు అది, 70 మార్కులు వస్తే ఆటిజం కిందకు వస్తుంది. అందరికీ సర్టిఫికెట్ రాదు. రాకపోయినా తెలుసుకోవడం వేస్టు కాదు.

ఎందుకంటే మా రూములో మారినవాటికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేకపోయింది. మెస్సులో వంటాయనతో మాట్లాడినాం, గంట కొట్టకముందే వాడు తిని వచ్చేస్తాడు. మంచం గోడ వైపు మార్చినాం. ఏదన్నా ప్రోగ్రాం మారితే ముందురోజే చెప్తాం. "కొంచెం చూస్కో రా" లాంటి సగం మాటలు మానేసి, ఏం కావాలో సూటిగా చెప్తాం. పాటలు పెట్టే రోజు వాడు టెర్రస్ మీదకు పోతాడు, ఎవరూ వెనక్కి లాగరు. డామియన్ మిల్టన్ అనే ఆయనకు కూడా ఆటిజం ఉంది, 2012లో ఒక మంచి మాట రాసినాడు. ఆటిజం ఉన్నోళ్లకు వేరేవాళ్లు అర్థం కారు అంటారు, కానీ వేరేవాళ్లకు వీళ్లు కూడా అర్థం కారు, లోపం రెండు వైపులా ఉంది అని. మనకు ఈ మాట కొత్త కాదు. బళ్లో మనకు సార్ల మాట అర్థం కాలేదు, సార్లకు మన మాట అర్థం కాలేదు. కానీ ఫెయిల్ అయింది మనం ఒక్కరమే. ఆ నొప్పి తెలిసిన మనమే మా వాడికి అదే చేసినాం.

గ్రూపులో ఉన్నోళ్లను మేం అడిగేది మూడు పనులు.

ఒకటి, మీ హాస్టల్లో, తండాలో, కాలనీలో ఎవరన్నా చిన్నప్పటి నుంచీ అట్లే ఒంటరిగా, చప్పుడుకు తట్టుకోలేక, మాటను మాటగానే తీసుకుని ఇబ్బంది పడుతుంటే నవ్వకండి, పేరు పెట్టకండి. మొదట 14416కు ఫోన్ చేసి మాట్లాడొచ్చు. అది ప్రభుత్వ టెలీ మానస్, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు. మన వైపు నుంచి తిరుపతి రుయా, వెల్లూరు సీఎంసీ, బెంగళూరు నిమ్హాన్స్ మూడూ ఒక పూట ప్రయాణంలోనే ఉన్నాయి. కుప్పం వాళ్లకైతే బెంగళూరుకు రైలే ఉంది.

రెండు, గోర్ బోలి, ఎరుకల భాష, యానాదోళ్ల మాట తెలిసిన చదువుకున్నోళ్లం ఆసుపత్రికి తోడు పోదాం. తల్లి మాట డాక్టరుకు చేరాలి. మదనపల్లె, పుంగనూరు చుట్టుపక్కల అయితే మా నలుగురం రెడీ.

మూడు, హాస్టల్ వార్డెన్లకు, టీచర్లకు ఈ విషయం మీద శిక్షణ ఇవ్వమని, ప్రతి గిరిజన హాస్టల్లో చప్పుడు లేని ఒక గది ఉంచమని మన సంఘాలు అర్జీ పెట్టాలి. కొత్త బిల్డింగు అడగడం లేదు. ఉన్న స్టోర్ రూము ఖాళీ చేసినా చాలు.

పుంగనూరులో ఆ నాలుగేళ్ల పిల్లోడికి ఇప్పుడు మాట నేర్పించే థెరపీ నడుస్తా ఉంది. మేనమామకు ఇరవై ఏళ్లకు దొరికింది వాడికి నాలుగేళ్లకే దొరికింది. మా వాడు ప్రతి ఆదివారం పోయి వాడితో కూర్చుంటాడు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోరు. టమాటాలు సైజు ప్రకారం వరసగా పేరుస్తారు.

ఇంకోటి. ఇప్పుడు మేం వాణ్ణి రేట్ బోర్డు అని పిలవడం లేదు. కానీ ఆ నోటుబుక్కులు చూసి మా ఊరి రైతులు ఇద్దరు ఫోన్ చేసి ఏ నెలలో నాటితే మంచిదని అడుగుతున్నారు. వాడు సూటిగా చెప్తాడు, ఐదు నిమిషాలంటే ఐదు నిమిషాలే మాట్లాడి పెట్టేస్తాడు.

మీ అనుభవాలు ఉంటే కింద రాయండి. పేరు చెప్పడం ఇష్టం లేకపోతే మాకు విడిగా రాయండి, మా నలుగురిని దాటి పోదు.